కుక్కపిల్ల వాకిట్లో ఒంటరిగా ఉండాలంటే

కుక్కపిల్లకు ఒంటరిగా ఉండటం నేర్పాలని మా గూడెంలో ఒకప్పుడు ఎవరికీ తోచేది కాదు. ఆ అవసరమే రాలేదు. నా చిన్నతనంలో పగటిపూట గూడెం ఖాళీ అయ్యేది కాదు. చేనుకు పోయేవాళ్లు పోయినా ముసలివాళ్లు అరుగుల మీద ఉండేవాళ్లు. బడి ఈడు రాని పిల్లలు వాకిళ్లలో ఆడుకునేవాళ్లు. ఎవరింట్లో కుక్క ఈనినా ఆ పిల్లలు గూడెం మొత్తానివి. ఈ వాకిలి నుంచి ఆ వాకిలికి తిరుగుతూ, పెద్ద కుక్కల వెంట పడుతూ అవే పెరిగేవి. మా గోండిలో కుక్కను నై అంటాం. తమిళులు నాయ్ అంటారు. ఎక్కడి గోండి, ఎక్కడి తమిళం! మాటే ఇంత పాతదైతే కుక్కతో మన సావాసం ఎంత పాతదో చూడండి.

ఇప్పుడు గూడెం అలా లేదు. పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉన్నారు. పత్తి ఏరే రోజులొస్తే పెద్దవాళ్లు తెల్లవారకముందే చేలల్లో ఉంటారు. మా ఇంట్లోనే చూస్తే, నేను ఎనిమిదికి బడికి బయలుదేరతాను. నా భార్య అంగన్‌వాడీకి పోతుంది. మా అమ్మను మేం అవ్వ అని పిలుస్తాం. జొన్న కంకి పట్టే రోజుల్లో అవ్వ పొద్దంతా చేనులో మంచె మీద ఉంటుంది, పిట్టలను కొట్టడానికి. సాయంత్రం ఐదు దాకా ఇంట్లో మనిషి ఉండడు. అలాంటి ఇంటికి పొలాల అమావాస్య దాటాక ఒక కుక్కపిల్ల వచ్చింది. మా అక్క వాళ్ల ఊరిలో పుట్టింది. ఒళ్లంతా నలుపు. సెలవుకు ఇంటికొచ్చిన మా చిన్నోడు దానికి కరియా అని పేరు పెట్టి, మర్నాడు తన హాస్టల్‌కు తాను వెళ్లిపోయాడు.

కరియాను మేం ముద్దుకు తెచ్చుకోలేదు. మా చేను అడవి అంచున ఉంటుంది. రాత్రయితే అడవి పందులు దిగుతాయి. ఒక్క రాత్రి మంద పడితే అరెకరం జొన్న నేలపాలవుతుంది. మా పాత కుక్క ముసలిదై పోయింది. పందిని దూరం నుంచే పసిగట్టి మొరిగే కుక్క మాకు కావాలి. అలాంటి కుక్క ఎప్పుడూ మనిషి కాళ్ల దగ్గరే ఉంటానంటే కుదరదు. బయట, ఒంటరిగా, భయపడకుండా ఉండాలి. అది దానికి ఎలా అబ్బుతుందన్నదే మా ముందున్న ప్రశ్న.

ఊళ్లో అందరిదీ ఒకటే సలహా. "కట్టేసి పో సారూ. రెండు రోజులు ఏడుస్తది, మూడో రోజు ఊరుకుంటది." మాట నిజమే. మూడో రోజుకు ఊరుకుంటుంది. కానీ ఊరుకోవడం వేరు, కుదుటపడటం వేరు.

కుక్కపిల్ల ఎందుకు ఏడుస్తుందో చూద్దాం. అది పుట్టినప్పుడు కళ్లు తెరవదు. పది పద్నాలుగు రోజులకు తెరుస్తుంది. చెవులు పూర్తిగా వినపడటానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది. అప్పటిదాకా దానికి తెలిసిన లోకం తల్లి పొట్ట వేడి, పక్కనున్న తోబుట్టువుల ఒళ్లు. ఒంటరిగా మిగిలిన పిల్లకు చలి, ఆకలి, వెనకనే నక్కో డేగో. అందుకే ఒంటరైన వెంటనే కూత పెడుతుంది. ఆ కూత విని తల్లి వస్తుంది. కుక్కజాతి బతికి బట్టకట్టింది ఆ కూత వల్లే. దాన్ని మొండితనం అనుకోవడం మన పొరపాటు.

ఎంత కూసినా ఎవరూ రాకపోతే పిల్ల అలసిపోయి ఊరుకుంటుంది. అలా ఊరుకున్న పిల్లను దగ్గరికెళ్లి చూడండి. పెట్టిన ముద్ద అలాగే ఉంటుంది. తోక కాళ్ల మధ్య ఉంటుంది. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడుతుంది. కొన్ని పిల్లలు తాడు కొరికి పారిపోతాయి. కొన్ని పెద్దయ్యాక ప్రతి నీడకూ మొరుగుతాయి. పందికీ పక్కింటి పిల్లవాడికీ తేడా తెలియని కుక్క చేనుకు కాపలా కాయలేదు.

కుదుటపడిన పిల్ల వేరుగా ఉంటుంది. తింటుంది. ఒక ఎండు కట్టెను పట్టుకుని దానితోనే ఆడుకుంటుంది. పక్కకు తిరిగి, నాలుగు కాళ్లూ చాపి నిద్రపోతుంది. భయమున్న ప్రాణి ఏదీ కాళ్లు చాపి పడుకోదు. మేం ఆ గుర్తు కోసం ఎదురుచూశాం.

మొదటి సంగతి ఈడు. కళ్లు తెరిచి నడక రాగానే పిల్లను ఎత్తుకొచ్చేవాళ్లు మన దగ్గర చాలామంది. రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచాలి. తోబుట్టువులతో కొట్లాడుతూనే అది ఎంత గట్టిగా కొరకాలో, ఎక్కడ ఆగాలో నేర్చుకుంటుంది. మా అక్క పిల్లతోపాటు తల్లి పడుకున్న గోనె సంచి ముక్క కూడా ఇచ్చింది. ఇది అవ్వ చెప్పి పంపిన మాట. ఇల్లు మారినా, మనుషులు మారినా ఆ గోనెకున్న తల్లి వాసన కొన్నాళ్లు మారదు.

రెండో సంగతి చోటు. పెద్ద కుక్క అయితే ఎక్కడ పడుకోవాలో అదే చూసుకుంటుంది. దడిలో పెట్టిన పిల్లకు ఆ వీలు లేదు కాబట్టి చోటు మనమే చూడాలి. ఒక ఆదివారం పొద్దంతా మా వాకిట్లో వేపచెట్టు నీడ ఎటు పోతుందో గమనించాను. పొద్దున నీడ పడమటి వైపు ఉంటుంది, మధ్యాహ్నం తర్వాత తూర్పుకు వస్తుంది. పొద్దున నీడలో కట్టేసిన కుక్క రెండింటికల్లా ఎండలో ఉంటుందన్నమాట. అందుకని చెట్టుకు రెండు వైపులా నీడ అందేలా వెదురు తడికలతో దడి కట్టాం. ఒక మూల పశువుల కొట్టం చూరు కిందికి వచ్చింది. వాన వస్తే అక్కడికి పోతుంది. నీళ్లకు బరువైన మట్టి తొట్టి పెట్టాం. ప్లాస్టిక్ గిన్నె అయితే గంటలో బోర్లా పడుతుంది. దడి ఉంది కాబట్టి మెడకు తాడు కట్టలేదు. ఒంటరిగా ఉన్న పిల్ల మెడకు తాడుంటే చెట్టు చుట్టూ తిరిగి ఉరి పోసుకుంటుంది. ఊరకుక్క మీద పడితే పారిపోలేదు కూడా.

మూడో సంగతి ఆ చోటు దానికి ఇష్టం కావాలి. మొదటి నాలుగు రోజులు ఆ దడిలోపలే దానికి తిండి పెట్టాం. జొన్న గటకలో కొంచెం మజ్జిగ. నేనూ లోపలే కూర్చుని పిల్లల నోట్‌బుక్కులు దిద్దుకునేవాణ్ని. అది నా కాళ్ల దగ్గర ఆడి, అలసి, అక్కడే నిద్రపోయేది. ఎవరూ లేని చోటు అని కాకుండా కడుపు నిండే చోటు అని దానికి ముందు తెలిసింది. కొరుక్కోవడానికి ఎండిన జొన్నరొట్టె ముక్క, పాత బట్టతో వేసిన పెద్ద ముడి ఇచ్చాం. ఉడికించిన కోడి ఎముకలు మాత్రం వేయకండి. అవి సూదుల్లా చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

ఇక అసలు పని, వదిలి వెళ్లడం. ఐదో రోజు దడి బయటికి వచ్చి పది అంకెలు లెక్కపెట్టి తిరిగి లోపలికి వెళ్లాను. అది ఏడుపు మొదలుపెట్టకముందే వెళ్లాను. తర్వాత ముప్పై అంకెలు. తర్వాత ఇంటి గోడ చాటుకు పోయి వంద. తర్వాత బోరింగు దాకా పోయి ఒక బిందె నీళ్లు తెచ్చుకునేంతసేపు. ఆ పైన అరగంట, గంట. ప్రతిసారీ పెంచుకుంటూ పోలేదు. ఒకసారి ఎక్కువ, మరోసారి తక్కువ. ఎప్పుడూ పెరుగుతూనే పోతే ఈసారి ఇంకా ఆలస్యమని దానికి అర్థమవుతుంది. నా భార్యా, అవ్వా కూడా ఇలాగే చేశారు. ఒక్క మనిషికే అలవాటుపడితే ఆ మనిషి లేని రోజు కష్టం.

వెళ్లేటప్పుడు ముద్దులూ బుజ్జగింపులూ వద్దు. వచ్చేటప్పుడు పెద్ద సంబరమూ వద్దు. పోవడం, రావడం మామూలు సంగతులని దానికి తెలియాలి. మధ్యలో ఏడిస్తే ఏం చేయాలి? మేం రెండు రకాల ఏడుపులు చూశాం. ఒకటి కుయ్ కుయ్ మని పిలవడం. మధ్య మధ్య ఆగి చెవులు నిక్కబొడిచి వింటుంది. దానికి వెంటనే పరుగెత్తక్కర్లేదు. ఆగిన క్షణం చూసి వెళ్తే చాలు. రెండోది వేరు. నోటి వెంట చొంగ కారుతుంది, తడిక గీరుతుంది, రొప్పుతుంది. అది హడలిపోయిన ఏడుపు. అప్పుడు పంతం పట్టకూడదు. వెళ్లి దగ్గర కూర్చోవాలి. మర్నాడు సగం సమయంతో మళ్లీ మొదలుపెట్టాలి.

తోడు కూడా ఒక మందే. తడిక అవతల మా ఎడ్లు ఉంటాయి. అవి నెమరు వేసే చప్పుడు వింటూ అది నిద్రపోయేది. పక్కింటి వదిన వాళ్ల ముసలి కుక్క మధ్యాహ్నం వచ్చి దడి పక్కన పడుకునేది. మొదట్లో వదిన కూడా పన్నెండింటికి ఒకసారి వచ్చి చూసి పోయేది. పసిపిల్లకు రెండు మూడు గంటలకు మించి ఒక్క ఎత్తున ఒంటరితనం మంచిది కాదు. ఇరుగుపొరుగు లేని ఇల్లయితే సెలవుల్లోనే పిల్లను తెచ్చుకోవడం మేలు.

రాత్రి సంగతి వేరే చెప్పాలి. కవ్వాల్ 2012లో పులుల సంరక్షణ కేంద్రమైంది. దాని చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు చిరుత సంగతి నేను చెప్పక్కర్లేదు. చిరుతకు కుక్క సులువైన ఆహారం. బయట ఉండటం నేర్పుతున్నామని చెప్పి చిన్న పిల్లను రాత్రి వాకిట్లో వదిలితే పొద్దునకు గోనె మాత్రమే మిగలొచ్చు. మొదటి వారం కరియా అరుగు మీద నా మంచం పక్కన పడుకుంది. తర్వాత కొట్టంలో, తలుపు వేసి. పూర్తిగా పెరిగేదాకా చేనుకు రాత్రి కాపలా దాని పని కాదు.

జంతువు కంటే ఎక్కువ భయం మనిషి పెట్టినవాటితో. పత్తి చేలల్లో పురుగుమందు కలిపిన తొట్లు, డబ్బాలు పడేసి ఉంటాయి. దాహమేసిన కుక్క మూతి పెడుతుంది. పందుల కోసం కొందరు చేల చుట్టూ కరెంటు తీగలు పెడుతున్నారు. అది నేరమని తెలిసీ పెడుతున్నారు. మా పక్క గూడెంలో ఒకరి కుక్క అలాగే పోయింది. ఆ తీగలకు మనుషులు పోయిన ఊళ్లూ ఉన్నాయి. ఈ చిన్న పుస్తకం చదివే తమ్ముళ్లు మీ ఊళ్లో ఆ తీగలు తీయించే పని పెట్టుకోండి. కుక్క ఒంటరిగా తిరగగలిగిన చేనులో మన పిల్లలూ తిరగగలుగుతారు.

టీకాలు మరవకండి. కుక్కపిల్లలను ఎక్కువగా తీసుకుపోయేవి రక్తవిరేచనాల పార్వో, డిస్టెంపర్. వీటికి మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, తర్వాత పశువైద్యుడు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయించాలి. డిస్టెంపర్ కుక్కల నుంచి పులులకూ సోకుతుంది, అంటే మన కుక్కకు వేసిన టీకా అడవికీ రక్ష. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా. సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినం. అది లూయీ పాశ్చర్ చనిపోయిన రోజు. ఆయన 1885లో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాబుకు మొదటిసారి ఆ టీకా వేసి బతికించాడు. ఆ రోజున బడిలో ఈ పాఠం చెప్పండి. కుక్క కరిస్తే పసుపూ సున్నమూ పెట్టకుండా పదిహేను నిమిషాలు ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడిగి, ఆస్పత్రికి పోవాలని పిల్లల చేత చెప్పించండి.

ఇంత ఓపిక ఒక కుక్కపిల్లకు ఎందుకని కొందరు నవ్వారు. నాకు ఈ ఓపిక నేర్పింది కుక్కపిల్ల కాదు. కరియా రావడానికి మూడు నెలల ముందు, జూన్‌లో, మా ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతిలో చేరిన ఒక పాప.

మూడో తరగతి అంటే ఎనిమిదేళ్లు. ఇంట్లో గోండి తప్ప మరో మాట వినని పిల్లలు పెట్టె పట్టుకుని వస్తారు. ఆ పాప మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు మానింది. "అలవాటైపోయింది" అన్నారంతా. మధ్యాహ్నం అన్నాల దగ్గర చూస్తే పాప పళ్లెం ముందు కూర్చోదు. పళ్లెం చేతిలో పట్టుకుని, గేటు కనిపించే చోట గోడకు ఆనుకుని నిలబడుతుంది. రెండు ముద్దలు తిని మిగతాది పారేస్తుంది. తెలుగులో ఎంత అడిగినా తల వంచుకునేది. గోండిలో అడిగితే ఒక్క మాట చెప్పింది. నేను అన్నం తింటుంటే మా బాపు వెళ్లిపోయాడు, అని.

పిల్ల చూస్తే ఏడుస్తుందని తండ్రి అన్నాల వేళ చూసి జారుకున్నాడు. అతని తప్పేమీ లేదు. అందరూ చేసేదే, కొన్నిసార్లు బడివాళ్లు చెప్పి చేయించేదే. కానీ పాపకు అర్థమైంది వేరు. కూర్చుని తింటే మనిషి మాయమవుతాడు. ఆదివారం ఆ తండ్రిని పిలిపించాం. ఈసారి పాప ఎదురుగానే, గోండిలో, ఫలానా రోజు మళ్లీ వస్తానని చెప్పి వెళ్లమన్నాం. పాప గట్టిగా ఏడ్చింది. ఏడవనిచ్చాం. క్యాలెండర్‌లో ఆ రోజుకు సున్నా చుట్టి, రోజుకొక గీత తనచేతే పెట్టించాం. చెప్పిన రోజున పత్తి గింజలు పెట్టే పని ఆపుకుని తండ్రి వచ్చాడు. ఆ మధ్యాహ్నం పాప పళ్లెం ముందు కూర్చుంది. తర్వాత వారం పక్క పిల్లతో దువ్వెన కోసం కొట్లాడింది. ఆ కొట్లాట చూశాక నాకు ధైర్యం వచ్చింది.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో నేను ఇంతకుముందు పనిచేసిన ఊరిలో చూశాను. ఒక బాబు సాయంత్రం లెక్కలో కనిపించలేదు. పన్నెండు కిలోమీటర్ల అడవి దారి నడిచి రాత్రి పదింటికి ఇల్లు చేరాడు. చేరాడు కాబట్టి సరిపోయింది. వాడు ఏడుపు మాని అప్పటికి వారమైందట.

పిల్లలు కుక్కపిల్లలు కారు. పిల్లలకు మాట ఉంది, చెప్తే అర్థమవుతుంది. అందుకే మనం వాళ్ల మాటలోనే చెప్పాలి. రెండింటిలోనూ కలిసే సంగతి ఒక్కటే. పోయినవాళ్లు తిరిగి వస్తారన్న నమ్మకం కుదిరితే ఒంటరితనం భరించే శక్తి దానంతట అదే వస్తుంది. ఆ నమ్మకం కుదరాలంటే చెప్పి పోవాలి, చెప్పినట్టు రావాలి. కరియాకు చెప్పి పోలేను కాబట్టి పది అంకెలు లెక్కపెట్టి తిరిగి వచ్చాను.

దీపావళికి దండారి వచ్చింది. డోలు, తుడుం, పేప్రే మోతకు, నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు వాకిట్లోకి దిగితే పెద్ద కుక్కలే దొడ్లోకి పరుగెడతాయి. మొదటి సాయంత్రం కరియాను గూడెం చివర చింతచెట్టు దాకా తీసుకుపోయి, మోత సన్నగా వినపడేంత దూరంలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. రొట్టె ముక్కలు పెడుతూ కొంచెం కొంచెం దగ్గరికి జరిగాం. తర్వాత మా గూడెం దండారి అవతలి ఊరికి విడిదికి పోయింది. మేం ఇంటిల్లిపాదీ రెండు రోజులు ఇంట్లో లేం. రాత్రి కొట్టంలోకి తోలే పని, తిండి పని వదిన చూసింది. మేం తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం. వదిన ఫిర్యాదు ఒక్కటే, దాని చెప్పు ఒకటి కరియా నమిలేసిందట. కరియా వేపచెట్టు నీడలో పక్కకు తిరిగి, నాలుగు కాళ్లూ చాపి పడుకుని ఉంది. మా అడుగుల చప్పుడుకు ఒక కన్ను తెరిచి, తోక రెండుసార్లు నేలకు కొట్టి, ఆ తర్వాతే లేచింది.

ఇప్పుడు పొద్దున అవ్వతో చేనుకు పోతుంది. అవ్వ మంచె మీద, అది మంచె కింద. అవ్వ నీళ్లకు వాగుకు పోయినా కిందే ఉంటుంది. మొన్న మొదటిసారి పట్టపగలు పంది వాసన పట్టి మొరిగిందని అవ్వ గొప్పగా చెప్పింది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. వచ్చే జూన్‌లో మళ్లీ కొత్త పెట్టెలు వస్తాయి. ఏడుపు ఆగిందా అని వార్డెన్‌ను అడిగి ఊరుకోకండి. కూర్చుని తింటున్నారా, ఎవరితోనైనా కొట్లాడుతున్నారా, రాత్రి కాళ్లు చాపి పడుకుంటున్నారా అని ఒకసారి టార్చి పట్టుకుని వెళ్లి చూడండి.